పచ్చటి వల ఏం చెబుతోంది?

మైక్రోస్కోప్ గదిలో లైటు ఆర్పి లేజర్ వేయగానే తెర మీద కేంద్రకం చుట్టూ సన్నటి పచ్చని వల విచ్చుకుంటుంది. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ఆ క్షణాన కలిగే సంబరం అంతా ఇంతా కాదు. తెరను ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో స్నేహితులకు పంపుతారు. తెల్లారగానే గైడ్ గది ముందు నిలబడతారు. ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "బాగుంది. అయితే ఏంటి?"

ఆ మాటకు చాలామంది ముఖం మాడిపోతుంది. ఆయన అడిగింది మాత్రం న్యాయమైన ప్రశ్న. బొమ్మ వచ్చింది సరే, దాంతో ఏం తేలింది? ఆ జవాబును బొమ్మ రాకముందే సిద్ధం చేసుకోవడం ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం. ఇందుకు ఒకే ఒక్క రియాజెంట్‌ను తీసుకుంటున్నాను. కొన్ని ప్రోటీన్లు కణం నుంచి బయటికి పోకుండా లోపలే ఎలా నిలుస్తాయో చూడడానికి వాడే, పచ్చరంగు అతికించిన కేడెల్ యాంటీబాడీ. పది రియాజెంట్ల గురించి పైపైన చెప్పడం కన్నా ఒకదానితో గట్టిగా తగవు పడడం మేలని నా అభిప్రాయం.

ముందుగా ఒక పాత అలవాటు సంగతి. డిగ్రీలో, ఎమ్మెస్సీలో మనం చేసిన ప్రాక్టికల్స్‌కు జవాబు రికార్డు పుస్తకంలో ముందే రాసి ఉంటుంది. ఉల్లి వేరు కొన స్లైడులో మైటాసిస్ దశలు కనబడకపోతే తప్పు మనదే. పక్కవాళ్ల స్లైడు చూసి బొమ్మ వేసేస్తాం, ఎక్స్‌టర్నల్ మార్కులూ వేసేస్తారు. ఏళ్ల తరబడి ఇలా నడిచాక ‘రావలసింది రాబట్టడమే ప్రయోగం’ అన్న భావం ఒంట్లో ఇంకిపోతుంది. పీహెచ్‌డీలో మొదటి ఏడాదంతా దీన్ని వదిలించుకోవడానికే సరిపోతుందంటే అతిశయోక్తి కాదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీలో చేరినా, జర్మనీలో ఏ మాక్స్ ప్లాంక్ సంస్థలో చేరినా ఈ బరువు వెంట వస్తూనే ఉంటుంది.

తోకలో ఉన్న గుట్టు

కణం బయటికి పంపే ప్రోటీన్లలో అత్యధిక భాగం ముందు ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలోకి చేరతాయి. తెలుగు అకాడమీ పుస్తకాలు దాన్ని అంతర్జీవ ద్రవ్యజాలం అన్నాయి, ల్యాబ్‌లో అందరి నోటా అది ఈఆర్. అక్కడ సరిగ్గా మడత పడి, గాల్జీ మీదుగా బయటికి సాగిపోతాయి. అయితే ఆ మడతలు పెట్టించే సహాయక ప్రోటీన్లు మాత్రం ఈఆర్‌లోనే ఉండిపోవాలి. అవీ అదే ద్రవంలో తేలుతుంటాయి, అదే ప్రవాహంలో కొట్టుకుపోయే వీలూ ఉంది. మరి ఎలా మిగులుతున్నాయి?

1987లో కేంబ్రిడ్జ్‌లోని ఎంఆర్‌సీ మాలిక్యులర్ బయాలజీ ల్యాబొరేటరీలో షాన్ మన్రో, హ్యూ పెల్హామ్ ఈ చిక్కు విప్పారు. ఈఆర్‌లో నిలిచే మూడు ప్రోటీన్ల వరుసలను పక్కపక్కన పెట్టి చూస్తే చివరి నాలుగు అమైనో ఆమ్లాలు మూడింటిలోనూ ఒకటే: లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లం, లూసిన్. ఒంటి అక్షరాల్లో కే, డీ, ఈ, ఎల్. కలిపి పలికితే కేడెల్.

పోలిక కనబడగానే పేపరు రాసేసేవాళ్లు చాలామంది ఉంటారు. వీళ్లు అక్కడ ఆగలేదు. అందుకే కొత్తగా చేరిన ప్రతి విద్యార్థి చేతా ఆ పేపరు చదివించాలంటాను. జీఆర్‌పీ78 అనే ప్రోటీన్ నుంచి ఆ తోకను తీసేశారు, అది కణం దాటి బయటికొచ్చింది. తోకను ఉంచి దాని తర్వాత సంబంధం లేని ఇంకొన్ని అమైనో ఆమ్లాలు అతికించారు, అప్పుడూ బయటికొచ్చింది. అంటే ఆ నాలుగూ ఉంటే చాలదు, చిట్టచివరనే ఉండాలి. ఆ తర్వాత ఈఆర్‌లో ఏ పనీ లేని, మామూలుగా బయటికి పోయే కోడి లైసోజైమ్‌ను తీసుకుని దానికి జీఆర్‌పీ78 చివరి ఆరు అమైనో ఆమ్లాలు తగిలించారు. అది బయటికి పోవడం మానేసి ఈఆర్‌లో పేరుకుంది. ఒకే ప్రశ్నను ఇలా మూడు వైపుల నుంచి అడిగారు. మూడింటిలో ఏ ఒక్క దాని ఫలితం ఎదురు తిరిగినా వాళ్ల వాదం కూలిపోయేదే.

ఇక ఆ తోక ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద ఇంటిపేరు చెక్కిస్తాం. పక్కింటి పెళ్లికి వెళ్లే గిన్నెను ఆ పేరు గుమ్మం దగ్గర ఆపదు, వెళ్లిన గిన్నెను తిరిగి ఇంటికి చేరుస్తుంది. కేడెల్ కూడా అంతే. ప్రోటీన్ గాల్జీ దాకా జారిపోతుంది. గాల్జీలో ఈఆర్ కంటే ఆమ్లత కాస్త ఎక్కువ. ఆ ఆమ్లతలో కేడెల్ రిసెప్టర్ తోకను పట్టుకుంటుంది, కోప్-1 పూత ఉన్న బుడగల్లో వెనక్కి తీసుకొస్తుంది. ఈఆర్‌లో పీహెచ్ తటస్థానికి దగ్గరగా ఉండడంతో పట్టు వదిలేస్తుంది. ఈ రిసెప్టర్‌ను తయారుచేసే ఈఆర్‌డీ2 జన్యువును 1990లో ఈస్ట్‌లో పట్టుకున్నది కూడా పెల్హామ్ బృందమే. మనుషుల్లో ఇలాంటి రిసెప్టర్లు మూడు ఉన్నాయి.

దీని నుంచి తీసుకోవలసిన మాట ఒకటుంది. ‘ప్రోటీన్ నిలిచి ఉంది’ అని మనం తేలిగ్గా అనేదాని వెనక పోవడం, పట్టుబడడం, తిరిగి రావడం అన్నీ ఉన్నాయి. ఫిక్స్ చేసిన స్లైడులో వీటిలో ఏదీ కనబడదు. కనబడేది మీరు పారాఫార్మాల్డిహైడ్ పోసిన నిమిషంలో ఏది ఎక్కడుందన్నది మాత్రమే.

పేరు చదువుతుంది, గిన్నెను గుర్తించదు

ల్యాబుల్లో ఎక్కువగా కనిపించే కేడెల్ యాంటీబాడీ 10సీ3 అనే క్లోన్. చిట్టెలుకలో పుట్టించిన మోనోక్లోనల్ ఇది. జీఆర్‌పీ78 చివరి పెప్టైడ్‌ను చూపించి దీన్ని తయారుచేశారు. కాబట్టి జీఆర్‌పీ78తో పాటు అదే తోక ఉన్న జీఆర్‌పీ94నూ పట్టుకుంటుంది. వెస్టర్న్ బ్లాట్‌లో 78, 94 కిలోడాల్టన్ల దగ్గర రెండు పట్టీలు కనబడితే కొత్తవాళ్లు కంగారుపడి, యాంటీబాడీ పాడైందంటూ కంపెనీకి మెయిల్ రాస్తారు. అది చేయాల్సిన పనే చేసింది. ఇంటిపేరు చదివింది, గిన్నె ఏదో చెప్పడం దాని పని కాదు.

మీ ప్రశ్న ‘ఈ కణంలో ఈఆర్ ఎక్కడుంది, దాని ఆకారం ఎలా ఉంది’ అనైతే ఇది చాలా మంచి సాధనం. పట్టుకోవడానికి లక్ష్యాలు దండిగా ఉంటాయి కనుక సిగ్నల్ బలంగా వస్తుంది. ప్రశ్న ప్రత్యేకంగా జీఆర్‌పీ78 గురించైతే ఆ ప్రోటీన్ మరో భాగాన్ని గుర్తించే వేరే యాంటీబాడీ తెప్పించుకోండి. తక్కువలో అయిపోతుందనో, ఫ్రిజ్‌లో ఎలాగూ ఉంది కదా అనో దీనితో సరిపెట్టుకుంటే ఆరు నెలల తర్వాత రివ్యూయర్ చేత మాట పడాల్సి వస్తుంది.

యాంటీబాడీకి మెరిసే రంగు అతికించాలన్న ఆలోచన ఎలా పుట్టిందో ఇక్కడ చెప్పుకోవాలి. హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్ అనే డాక్టరు రుమాటిక్ జ్వరం గురించి ఆలోచిస్తున్నాడు. గుండె కణజాలంలో ఏర్పడే బుడిపెల్లో బాక్టీరియా పదార్థం నిజంగా ఉందా అన్నది అతని సందేహం. ఉంటే చూడాలి, చూడాలంటే దాన్ని పట్టుకునే యాంటీబాడీ కంటికి కనబడాలి. 1941లో సహచరులతో కలిసి మొదట అతికించిన రంగు నీలంగా వెలిగింది. కణజాలం కూడా తనంత తానే నీలంగా వెలగడంతో ఏది ఏదో తేల్చుకోవడం కష్టమైంది. అప్పుడు ఫ్లోరెసీన్‌కు మారాడు, అది పచ్చ. 1942లో కణజాలంలో న్యూమోకాకస్ పదార్థాన్ని దాంతో చూపించాడు. యుద్ధంలో సైన్యంలోకి వెళ్లి తిరిగొచ్చాక, 1950లో మెల్విన్ కాప్లన్‌తో కలిసి ఆ పద్ధతికి మెరుగులు దిద్దాడు. ముందు ప్రశ్న పుట్టింది, రంగు ఆ తర్వాత వచ్చింది. ఈ రోజు మన ల్యాబుల్లో వరుస తిరగబడింది. ముందు రంగు సీసా వస్తుంది, దాంతో ఏం చేయాలా అని తర్వాత ఆలోచిస్తాం.

ఒకే యాంటీబాడీని ఎంత కావాలంటే అంత, ఎప్పుడూ ఒకేలా తయారుచేసుకునే మోనోక్లోనల్ పద్ధతి 1975లో కోలర్, మిల్‌స్టీన్‌ల చేతుల మీదుగా వచ్చింది. అదీ కేడెల్ బయటపడిన ఆ కేంబ్రిడ్జ్ ల్యాబొరేటరీలోనే. ఈ రోజుల్లో 10సీ3కి నేరుగా అలెక్సా ఫ్లోర్ 488 వంటి రంగు అతికించి అమ్ముతున్నారు. 488 నానోమీటర్ల లేజర్‌తో వెలిగిస్తే దాదాపు 520 దగ్గర పచ్చగా మెరుస్తుంది. సెకండరీ యాంటీబాడీ అక్కర్లేదు కాబట్టి ఒక అంచె, కొంత సమయం కలిసొస్తాయి. రెండు చిట్టెలుక యాంటీబాడీలను ఒకే స్లైడు మీద వాడాల్సి వచ్చినప్పుడు ఇది ప్రాణం కాపాడుతుంది. అయితే సెకండరీ యాంటీబాడీ సిగ్నల్‌ను పెంచి చూపిస్తుంది, ఇక్కడ ఆ పెంపు ఉండదు. కేడెల్ ప్రోటీన్లు పుష్కలం కాబట్టి దీనికి చెల్లుతుంది, అరుదైన ప్రోటీన్‌కు చెల్లకపోవచ్చు.

సీసా మూత తీయకముందు

నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి, మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో తెలుగులోనే రాయండి. ఇంగ్లిష్‌లో రాస్తే చదివిన పేపర్ల నుంచి అరువు తెచ్చుకున్న మాటలు వచ్చిపడతాయి, అర్థం కాని చోటును అవి కప్పేస్తాయి. తెలుగులో రాస్తే అర్థం కానిది అర్థం కానట్టే కనబడుతుంది. రాశాక చూసుకోండి: మీరు అడిగేది ‘ఎక్కడుంది’ అనా, ‘ఎంత ఉంది’ అనా, ‘నిలుస్తోందా’ అనా? మూడూ వేరు వేరు ప్రశ్నలు. పచ్చటి వల మొదటిదానికి బాగా జవాబు చెబుతుంది. రెండోదానికి చాలా జాగ్రత్తలు తీసుకుంటే ఓ మాదిరిగా చెబుతుంది. మూడోదానికి ఒంటరిగా అసలు చెప్పలేదు.

ఒక ప్రయోగంతో ఇది తేటపడుతుంది. థాప్సిగార్జిన్ అనే మందు ఈఆర్‌లోకి కాల్షియం తోడే పంపును ఆపేస్తుంది. కణాలకు అది ఇచ్చి, మర్నాడు కేడెల్ యాంటీబాడీతో చూస్తే వల మరింత కాంతివంతంగా కనబడవచ్చు. ‘కేడెల్ ప్రోటీన్లు ఈఆర్‌లో ఇంకా ఎక్కువగా నిలుస్తున్నాయి’ అని రాసేయాలనిపిస్తుంది. జరిగింది దాదాపు దీనికి ఎదురు. ఈఆర్‌లో కాల్షియం పడిపోతే కేడెల్ ప్రోటీన్లు బయటికి కారిపోవడం మొదలవుతుంది. అదే సమయంలో కణం ఒత్తిడిని పసిగట్టి జీఆర్‌పీ78ను మరింతగా తయారుచేస్తుంది. తయారీ పెరిగింది కాబట్టి లోపల కాంతి పెరిగింది, నిలుపుదల మాత్రం తగ్గింది. బొమ్మ ఒకటే, దానికి కారణాలు రెండు ఉండొచ్చు. రెండింటినీ విడదీసే సమాచారం ఆ బొమ్మలో లేదు.

అది ఉన్న చోటు మీరు రోజూ పారబోసే మీడియా. కణాలను ఫిక్స్ చేసే ముందు పైనున్న మీడియాను పీల్చి డబ్బాలో పోసేయడం అందరి చేతులకూ అలవాటైన పని. నిలుపుదల గురించి అడిగేవారు ఆ చేతిని ఆపుకోవాలి. మీడియాను ట్యూబులోకి తీసి, రాలిన కణాలు అడుగుకు చేరేలా తిప్పి, పైభాగంలోని ప్రోటీన్లను గాఢం చేసి వెస్టర్న్ బ్లాట్ నడపండి. సీరం ఉన్న మీడియా అయితే పశువుల ప్రోటీన్లు జెల్ అంతటినీ కమ్మేస్తాయి, అందుకని చివరి కొన్ని గంటలు సీరం లేకుండా పెంచండి. బయటికొచ్చిన ప్రోటీన్‌కు తోక ఊడిపోతే కేడెల్ యాంటీబాడీకి అది కనబడదు. కాబట్టి ఈ బ్లాట్‌కు జీఆర్‌పీ78 శరీరాన్ని గుర్తించే యాంటీబాడీ వాడండి. పక్కనే ట్యూబులిన్ లాంటి, బయటికి స్రవించని ప్రోటీన్ కోసమూ చూడండి. అదీ మీడియాలో దొరికితే కణాలు చచ్చి పగిలాయన్నమాట, కారిపోవడం గురించి మాట్లాడే హక్కు మీకు లేదు.

ఆ పేజీలో ఇంకొక వాక్యం రాసుకోండి: ‘ఫలితం ఇలా వస్తే నా ఊహ తప్పు.’ దీన్ని ప్రయోగానికి ముందే, తేదీ వేసి రాయాలి. తర్వాత రాసుకుంటే మనసు ఎంత తెలివిగా సర్దిచెప్పుకుంటుందో మీకూ తెలుసు.

బల్ల దగ్గర

కణాలను 0.17 మిల్లీమీటర్ల మందం ఉన్న, అంటే నంబర్ 1.5 కవర్‌స్లిప్‌ల మీద పెంచండి. ఆబ్జెక్టివ్‌లను ఆ మందానికే తయారుచేస్తారు. ఏదో ఒక గాజుముక్క అని పెడితే బొమ్మ మసకేస్తుంది, నింద మాత్రం యాంటీబాడీ మీద పడుతుంది. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో 10 నుంచి 15 నిమిషాలు ఫిక్స్ చేస్తే చాలు. ఎక్కువసేపు ఉంచితే నాలుగు అమైనో ఆమ్లాల ఆ చిన్న తోక దాక్కుపోయే ప్రమాదం ఉంది. తోకలో ఉన్న లైసిన్‌తోనే ఫార్మాల్డిహైడ్ చర్య జరుపుతుందని గుర్తుంచుకోండి.

కేడెల్ ప్రోటీన్లు ఈఆర్ లోపలి ద్రవంలో ఉంటాయి. అంటే యాంటీబాడీ కణపు పొరను, ఆపై ఈఆర్ పొరను కూడా దాటాలి. 0.1 శాతం ట్రైటన్ ఎక్స్-100 రెండింటికీ రంధ్రాలు పెడుతుంది. సాపోనిన్ వాడితే ఆ తర్వాతి బఫర్లన్నిటిలోనూ సాపోనిన్ ఉండాలి, తీసేస్తే రంధ్రాలు తిరిగి మూసుకుంటాయి. ఇది ఎవరూ చెప్పరు, సిగ్నల్ రాక వారం పోయాక ఎవరో సీనియర్ టీ తాగుతూ చెబుతారు.

తర్వాత సీరంతోనో బీఎస్ఏతోనో బ్లాక్ చేయండి. యాంటీబాడీని ఎంత పలచన చేయాలన్నది కంపెనీ కాగితం మీద ఉంటుంది, దాన్ని మొదటి అంచనాగా మాత్రమే తీసుకోండి. ఆ అంకెకు రెండు వైపులా, 100 వంతులు, 200, 500, 1000 వంతులు పలచన చేసి నాలుగు కవర్‌స్లిప్‌లు పెట్టి చూడండి. ఖరీదైన మందు, ఆర్డరు పెట్టిన వారాలకు గానీ చేతికి రాదు కాబట్టి ఈ పరీక్షకు చాలామందికి చేయి రాదు. పొదుపు అనుకుని ఈ పరీక్ష మానేసి, ఎక్కువ గాఢంగా వాడినవారికి కణమంతా పచ్చగా అలుముకుంటుంది, ఆ పొదుపు నెలలను తినేస్తుంది. వల స్పష్టంగా, కేంద్రకం నల్లగా కనబడే చోట ఆగండి. కేంద్రకంలో పచ్చదనం ఉందంటే అది మీ ప్రోటీన్ కాదు.

రంగు అతికించిన యాంటీబాడీ సీసాను ఫ్రీజర్‌లో పెట్టకండి. కాగితం మీద వేరేలా లేకపోతే 4 డిగ్రీల దగ్గర, వెలుతురు తగలకుండా ఉంచాలి. ట్యూబుకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి, దాని మీద పేరు, తేదీ, లాట్ నంబర్ రాయండి. లాట్ నంబర్‌ను నోట్‌బుక్‌లోనూ ఎక్కించండి. వచ్చే ఏడు కొత్త సీసా వచ్చి బొమ్మ మారిపోతే కారణం ఎక్కడ వెతకాలో తెలిసేది దాంతోనే.

మిమ్మల్ని పట్టించే స్లైడులు

ప్రయోగంలో అసలు స్లైడు కంటే కంట్రోళ్లే ఎక్కువ కావాలి. ఇది విన్న ప్రతివారూ తలూపుతారు. మైక్రోస్కోప్ బుకింగ్ రెండు గంటలే దొరికినప్పుడు మొదట కోసేదీ వాటినే.

యాంటీబాడీ ఏమీ వేయని స్లైడు ఒకటి ఉండాలి, కణం తనంత తాను ఎంత వెలుగుతోందో చెప్పడానికి. కూన్స్‌ను మొదట తికమకపెట్టిన విషయం ఇదే. అదే తరగతికి చెందిన, అదే రంగు అతికించిన, దేన్నీ గుర్తించని యాంటీబాడీతో ఇంకొకటి. యాంటీబాడీని ముందే కేడెల్ పెప్టైడ్‌తో నింపేసి వేసిన స్లైడు మరొకటి. ఇందులో వల మాయమైతే తోకను చదివే చోటే పనిచేస్తోందని తెలుస్తుంది.

2016లో మాథియాస్ ఊలెన్ ముందుండగా కొందరు శాస్త్రవేత్తలు యాంటీబాడీని పరీక్షించడానికి ఐదు మార్గాలు ప్రతిపాదించారు. వాటిలో ఎక్కువమంది గట్టిదని నమ్మేది జన్యువును తీసేసి చూడడం. ప్రోటీన్ లేకపోతే సిగ్నల్ కూడా ఉండకూడదు. కేడెల్ దగ్గర మాత్రం ఈ పద్ధతి సూటిగా నడవదు. జీఆర్‌పీ78ను తగ్గించినా జీఆర్‌పీ94 పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. పుస్తకంలో ఉత్తమమని రాసింది మీ ప్రశ్నకు ఉత్తమం కాకపోవచ్చు. ఆ తేడా తెలుసుకోవడాన్నే నేను చదువు అంటాను.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కంట్రోల్ డిజిటోనిన్‌ది. దీన్ని తక్కువ మోతాదులో, మంచు మీద, కొద్ది నిమిషాలు వేస్తే కణపు పొరకు మాత్రం రంధ్రాలు పడతాయి, ఈఆర్ పొర చెక్కుచెదరదు. అప్పుడు కేడెల్ యాంటీబాడీకి లోపలికి దారి ఉండదు. ట్రైటన్ స్లైడులో వల వచ్చి డిజిటోనిన్ స్లైడులో రాకపోతే మీ ప్రోటీన్ ఈఆర్ లోపల ఉందని ధైర్యంగా అనవచ్చు. రెంటిలోనూ వస్తే మోతాదు ఎక్కువైందో, యాంటీబాడీ ఇంకెక్కడో అంటుకుందో తేల్చుకోవాలి. రూపాయల్లో చూస్తే ఇది దాదాపు ఖర్చు లేని పని.

ఇంకో రంగులో కాల్నెక్సిన్‌ను కూడా వేసి చూడండి. అది ఈఆర్ పొరలో నాటుకుని ఉండే ప్రోటీన్, దానికి కేడెల్ తోక లేదు. అంటే మీ యాంటీబాడీతో ఏ బంధుత్వమూ లేకుండా ఈఆర్ ఎక్కడుందో అది విడిగా చెబుతుంది. ఎరుపు, పచ్చ ఒకే చోట కలిస్తే సంతోషమే. అయితే పచ్చ మరీ ఎక్కువ కాంతితో ఉంటే ఎరుపు ఛానెల్‌లోకి కూడా కారి, కలవని చోట కలిసినట్టు కనబడుతుంది. అందుకని ఒక్కో రంగు విడివిడిగా వేసిన స్లైడులు కూడా ఉండాలి.

మీరు స్వయంగా ఏదైనా ప్రోటీన్‌కు కేడెల్ తగిలించి కణాల్లో ఎక్కిస్తుంటే రెండు హెచ్చరికలు. తోక తర్వాత ట్యాగు పెట్టకండి, 1987 నాటి పేపరు చెప్పింది అదే. అలాగే మోతాదు మించి తయారుచేయించకండి. రిసెప్టర్లు లెక్కకు మించి ఉండవు, అవన్నీ నిండిపోతే మంచి తోక ఉన్న ప్రోటీన్లు కూడా బయటికి పోతాయి.

తెర ముందు

అన్నిటికంటే కాంతివంతంగా ఉండే స్లైడును ముందు పెట్టి, ఎక్కడా తెలుపు పొంగకుండా లేజర్, ఎక్స్‌పోజర్ సరిచేయండి. ఆ తర్వాత చివరి స్లైడు దాకా ఆ అంకెలను ముట్టుకోకూడదు. మసకగా ఉన్న స్లైడు రాగానే గెయిన్ పెంచబోయే వేలికి ఒక ల్యాబ్ నియమం అడ్డం పెట్టండి: సెట్టింగులు మారితే ఆ రోజు పోలిక రద్దు.

ఏ కణాలను ఫొటో తీయాలో పచ్చ ఛానెల్‌లో వెతికి ఎంచుకుంటే అందమైనవే దొరుకుతాయి. డాపీతో కేంద్రకాలను మాత్రం చూసి చోటు ఎంచుకుని, ఆ తర్వాత పచ్చను తెరవండి. స్లైడుల మీది పేర్లు మూసి, పక్కబల్ల స్నేహితురాలి చేత వేరే అంకెలు వేయించుకుంటే ఇంకా మంచిది. ఒకే రోజు ఒకే కవర్‌స్లిప్‌లో రెండు వందల కణాలు కొలిచినా అది ఒక ప్రయోగమే. వేరే రోజు, వేరే కణాలతో మళ్లీ చేస్తేనే రెండోది.

ఇవన్నీ ఛాదస్తంలా అనిపిస్తే ఒక సంగతి చెబుతాను. 2016లో ఎలిజబెత్ బిక్, ఇద్దరు సహచరులు 20,621 బయోమెడికల్ పేపర్లలోని బొమ్మలను తరచి చూశారు. వాటిలో 3.8 శాతం పేపర్లలో ఒకే బొమ్మను రెండు చోట్ల వాడడం వంటి లోపాలు దొరికాయి. అందులో కనీసం సగం కావాలని చేసినట్టు కనబడిందని వాళ్లు రాశారు. మిగతావి అజాగ్రత్త అయి ఉండవచ్చు. ఫైళ్లకు ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’ అని పేర్లు పెట్టుకునేవారు ఆ మిగతావాటిలోకి జారడానికి ఎక్కువ సమయం పట్టదు. తేదీ, ప్రయోగం సంఖ్య, స్లైడు సంఖ్య ఉన్న ఫైలు పేరు మీ నిజాయితీని మీ జ్ఞాపకశక్తి మీద వదిలేయకుండా చూస్తుంది.

గైడ్ గదిలో, ల్యాబ్ మీటింగులో

మన దగ్గర పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం మర్యాద కాదు. గైడ్‌కు ఇష్టమైన ఊహ ఒకటుంటుంది. విద్యార్థి తెచ్చిన బొమ్మ దానికి సరిపోతే గదిలో అందరి ముఖాలూ వెలుగుతాయి, సరిపోకపోతే "మళ్లీ చేసి చూడు" అంటారు. సరిపోయినప్పుడు మళ్లీ చేయమని ఎవరూ అనరు. ఈ ఒక్క తేడా చాలు, మంచి మనుషులున్న మంచి ల్యాబ్ కూడా తప్పు దారి పట్టడానికి.

గైడ్‌తో గొడవ పడమని నేను చెప్పను, అక్కర్లేదు కూడా. మాటను కొలతల మీదికి మళ్లిస్తే చాలు. "సార్, మీ ఊహ తప్పు" అనాల్సిన పని లేదు. "సార్, కాంతి పెరిగింది. అయితే తయారీ పెరిగినా ఇలాగే కనబడుతుంది. మీడియా బ్లాట్ చేశాక చెప్పనా?" అనండి. "మేడమ్, డిజిటోనిన్ స్లైడు ఇంకా చూడలేదు" అనండి. ఇలా అడిగే విద్యార్థి మీద చిరాకుపడే గైడ్‌లు ఉండరని చెప్పలేను. అయితే చాలామంది మొదట విసుక్కుని, కాసేపయ్యాక తమ పాత బొమ్మల ఫోల్డర్ తెరుస్తారు.

తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు మీటింగుల్లో నోరు విప్పడానికి జంకుతారు. వాళ్లకో చిట్కా. బొమ్మ గురించి మాట్లాడేటప్పుడు మూడు చిన్న వాక్యాలు ముందే రాసుకుని వెళ్లండి: ఏం కనబడింది, ఏ కంట్రోల్ దాన్ని సమర్థించింది, దీన్నుంచి ఏం చెప్పలేం. మూడో వాక్యం చెప్పినప్పుడు గదిలో చర్చ మొదలవుతుంది, అది మీ ఇంగ్లిష్ గురించి ఉండదు.

చివరికి పేపరు రాసే రోజు వస్తుంది. పచ్చటి వల బొమ్మ కింద ‘థాప్సిగార్జిన్ ఇచ్చిన కణాల్లో కేడెల్ ప్రోటీన్ల నిలుపుదల పెరిగింది’ అని ఎవరో డ్రాఫ్టులో రాసి ఉంటారు. దాన్ని కొట్టేసి, ‘థాప్సిగార్జిన్ ఇచ్చిన కణాల్లో కేడెల్ యాంటీబాడీ సిగ్నల్ పెరిగింది, అవే కణాల మీడియాలో జీఆర్‌పీ78 కూడా పెరిగింది’ అని రాయండి. ఆ రెండో సగానికి ఆధారమైన బ్లాట్‌ను సప్లిమెంటులోకి నెట్టేయకుండా వల పక్కనే, అంతే సైజులో పెట్టమని పట్టుబట్టండి.